గడియపెట్టెలో నాలుగు ఫోన్లు

"ఏడూ పంతొమ్మిదికే కదా పారిపోవడం? నేను మేడమీద రెడీగా ఉంటా."

మూసిన తలుపు వెనకనుంచి మా అమ్మాయి గొంతు. ఫోనులో ఎవరితోనో అంటోంది. అప్పుడు నా కంట్లో భూతద్దం, చేతిలో పట్టకారు, పట్టకారు కొసన ఒక చేతిగడియారంలోంచి తీసిన స్ప్రింగు ఉన్నాయి. ఆ మాట వింటుండగానే స్ప్రింగు 'టప్'మని జారి, పైకెగిరి, ఎటో పోయింది. అంటే ఆ సాయంత్రం మా ఇంట్లోంచి మొదట పారిపోయింది స్ప్రింగే.

నేను గడియారాలు బాగుచేస్తాను. వీధివైపు గది కొట్టు, వెనక మూడు గదులు ఇల్లు, పైన మేడ. ముప్పై ఏళ్ళుగా గంటలతోనే గంటలు గడిపాను. టంగు టంగుమని కొట్టే గడియారాల పక్కన మాట్లాడీ మాట్లాడీ నా గొంతు కూడా గంటలాగే తయారైంది. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. దాన్ని నేను చిన్నముల్లు అంటాను. మా ఆవిడ పెద్దముల్లు. పెద్దముల్లు పన్నెండుసార్లు తిరిగితే గానీ చిన్నముల్లు ఒక్కసారి తిరగదు కదా, మా ఆవిడ పన్నెండుసార్లు పిలిస్తే గానీ అమ్మాయి ఒక్కసారి తల తిప్పదు. పేరుకి గడియారంవాణ్ణే గానీ ఈ రెండు ముళ్ళలో ఏది ఎప్పుడు గుచ్చుకుంటుందో నాకే తెలియదు.

మా ఆవిడది ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. మనుషుల్ని తెరవకుండానే లోపల ఏముందో చూసేస్తుంది. నాకు ఆ విద్య లేదు. దేన్నైనా వెనకమూత ఊడదీస్తే గానీ నాకు ఏమీ తెలియదు.

చిన్నముల్లుకి వెనకమూత లేదు. ఏడాదిగా దానికి ఫోనే లోకం, చెవుల్లో ఎప్పుడూ ఆ రెండు తెల్ల గింజలు. ఎవరెవరితోనో నవ్వుతుంది, ఎవరెవరికో లెక్కలు చెబుతుంది. నాకు పేర్లు తెలియవు, మొహాలు తెలియవు. ఒకప్పుడు నా బల్లకింద కూర్చుని రాలిన మరలు ఏరిన పిల్ల ఇప్పుడు నా కళ్ళముందే ఇంకో ఊళ్ళో ఉన్నట్టుంటుంది. దానికితోడు మా బావమరిది. డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతాడు. శనివారం శనివారం వచ్చి నా కొట్టు బెంచీమీద కూర్చుంటాడు.

"బావా, పిల్లల చేతికి ఫోనివ్వడమంటే లైసెన్సు లేనివాడికి లారీ ఇవ్వడమే. మా బ్యాచిలో ఒకాయన కూతురు ఫోనులో పరిచయమైనవాడితో వెళ్ళిపోయింది. బ్రేకు వెయ్యి బావా, బ్రేకు!" అంటూ గాల్లోనే కాలితో బ్రేకు తొక్కుతాడు. వాడి కాలు అంతే. ఎవరు ఏ పని వేగంగా చేసినా దానంతటది నేలని తొక్కుతుంది.

ఆ శనివారం కూడా వాడు బెంచీమీదే ఉన్నాడు, రేడియోలో పాటలు వింటూ. అమ్మాయి మాట వాడికి వినపడలేదు. నేను చెప్పలేదు. వాడికి చెప్పడం, రేడియోకి చెప్పడం ఒకటే.

నా గుండె మాత్రం గోడగడియారాలన్నిటికంటే గట్టిగా కొట్టుకుంది. పారిపోవడం! అదీ టైము పెట్టుకుని! ఏడున్నర కాదు, ఏడుంబావు కాదు, ఏడూ పంతొమ్మిది! గడియారంవాడి కూతురు గనక పారిపోయేటప్పుడు కూడా నిమిషాలు చూసుకుంటోంది అనుకున్నాను. అప్పుడైనా తలుపు తట్టి "ఏమిటమ్మా?" అని ఒక్కమాట అడగొచ్చు. అడగలేదు. అడిగితే నిజం చెబుతుందేమోనని భయం.

అందుకని పెట్టె వైపు చూశాను.

పెట్టె సంగతి చెప్పాలి. మూడు నెలల కిందట మా ఇంట్లో ఫోను యుద్ధం జరిగింది. మా అమ్మాయి 'యాప్ యాప్' అంటే నేను 'ఆపు ఆపు' అనేవాణ్ణి. చివరికి సంధి కుదిరింది. రాత్రి భోజనాలప్పుడు గంటన్నరసేపు ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదు. "నాదొక్కటే కాదు, అందరివీ. ఇంటికొచ్చిన చుట్టాలవి కూడా" అంది చిన్నముల్లు. న్యాయమే. నేనొక పాత ఇనపపెట్టె తెచ్చి, మూత లోపలివైపు బల్లగడియారపు యంత్రం బిగించాను. ఎంతసేపు కావాలో అంతకి తిప్పి, కీ ఇచ్చి, మూత వేస్తే గడియ పడుతుంది. పెట్టిన గడియ గడిస్తే గానీ పడిన గడియ రాదు. తాళంచెవి లేదు, బయట కన్నం లేదు. "మీరు కూడా తెరవలేరా?" అని మా ఆవిడ అడిగితే, రొమ్ము విరుచుకుని "నేను కూడా!" అన్నాను. ఇంత తెలివితక్కువ పనిని ఇంత పనితనంతో చెయ్యడం గడియారాలవాడికి తప్ప ఎవరికీ చేతకాదు.

ఆరు కావస్తుండగా చిన్నముల్లు ఏదో మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకుని మేడెక్కింది. ఫోను హాల్లో ఛార్జింగులో ఉంది. తీశాను. ఫ్రిజ్జుమీద మా ఆవిడది. జేబులో నాది. "ఓయ్ బావమరిదీ, ఇలా తే" అంటే వాడు మారు మాట్లాడకుండా ఇచ్చాడు. నాలుగు ఫోన్లూ పెట్టెలో పేర్చి, రెండు గంటలకి తిప్పి, మూత వేశాను. టక్.

ఫోను లేకపోతే వాడెవడో దీనికి కబురు చెయ్యలేడు, ఇది వాడికి చెయ్యలేదు. ఏడూ పంతొమ్మిది ఏడూ పంతొమ్మిదిలాగే వెళ్ళిపోతుంది. ఇదీ నా పథకం.

ఆరూ ఇరవైకి దిగొచ్చింది.

"నాన్నా, నా ఫోనేది?"

"పెట్టెలో ఉందమ్మా."

"ఇప్పుడే ఎందుకు పెట్టావు? ఎంతవరకు?"

"ఎనిమిది."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, నేనింకా పెద్దగా అరిచేవాణ్ణి. అది అరవలేదు. పెట్టె ముందు నేలమీద చతికిలబడి, దాని మూతమీద అరచెయ్యి ఆనించింది. లోపల యంత్రం నడుస్తున్న అదురు దాని చేతికి తెలుస్తోంది.

"ఏడూ పంతొమ్మిదికి చుక్క ఆరిపోతుంది నాన్నా. ఫోను లేకపోతే ఎలా?"

ఆరిపోతుంది.

నా లోపల ఏదో మర తిరగబడింది. పారి కాదు, ఆరి. అది అన్నది 'ఆరిపోవడం.' ముందు తగిలిన ఆ 'ప' దానిది కాదు, నా స్ప్రింగుది. సరిగ్గా ఆ మాటప్పుడే 'టప్'మంది కదా, ఆ తోక వచ్చి ఈ తలకి అతుక్కుంది.

"ఏ... ఏ చుక్క?" అన్నాను.

"నాలుగుసార్లు చెప్పాను. నువ్వు 'ఊ' అన్నావు."

అన్నాను. కంట్లో అద్దముంటే నాకు చెవులు పనిచెయ్యవు. స్కూలునుంచి తెచ్చిన టెలిస్కోపుకి మర వదులైతే బిగించి ఇచ్చింది కూడా నేనే. దేనికని అడగలేదు. దాని మర గురించి మాత్రం అరగంట మాట్లాడాను.

అప్పుడు చెప్పింది. ఒక్కో ముక్కా విడదీసి, నేను కొత్తవాళ్ళకి గడియారం విప్పి చూపించినట్టే చెప్పింది.

ఆకాశంలో ఒక బండరాయి తిరుగుతోంది. దానికి పేరు కూడా లేదు, నంబరే. మనకి ముప్పై కోట్ల కిలోమీటర్ల దూరం. ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా చుక్కలాగే కనిపిస్తుంది తప్ప దాని రూపం ఎవరికీ తెలియదు. అది ఇవాళ సాయంత్రం ఒక నక్షత్రానికి అడ్డం వస్తుంది. వచ్చినంతసేపూ నక్షత్రం ఆరిపోతుంది. కొన్ని సెకన్లే. ఆ రాతి నీడ, నక్షత్రం వెలుగులో పడే నీడ, సెకనుకి పదిహేను కిలోమీటర్ల వేగంతో మన ఊళ్ళమీదుగా పోతుంది.

"ఎండకి చెట్టు నీడ పడినట్టా?" అన్నాడు బావమరిది. వాడి కాలు నేలమీద నొక్కుకుపోయి ఉంది.

"అంతే మావయ్యా. కానీ ఎవరికీ కనపడదు. ఎవరింటిమీద నీడ ఎన్ని సెకన్లు ఉందో తెలిస్తే, ఆ రాయి అక్కడ ఎంత వెడల్పో తెలుస్తుంది. పద్నాలుగు మందిమి పద్నాలుగు ఊళ్ళలో చూస్తున్నాం. అందరి గీతలూ పక్కపక్కన పేరిస్తే రాయి బొమ్మ వస్తుంది. దక్షిణం చివర నేనొక్కదాన్నే. నేను చూడకపోతే ఆ వైపు బొమ్మ ఉండదు." మూతమీంచి చెయ్యి తీసింది. "చూస్తానని మాటిచ్చాను. మళ్ళీ మనమీదుగా రావాలంటే ముప్పై ఏళ్ళు."

పదిహేనేళ్ళ పిల్ల, మా ఇంట్లో పన్నెండుసార్లు పిలిస్తే గానీ పలకనిది, ఆకాశంలో నీడకి ఎదురెళ్ళి నిలబడతానని ఎక్కడో పదముగ్గురికి మాటిచ్చింది. ఆ తెల్ల గింజల్లోంచి ఇన్నాళ్ళూ దాని చెవుల్లో పడుతున్నది ఇదన్నమాట.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఇవాళేనా అది? వాళ్ళ ఫోను గ్రూపులో నేను కూడా ఉన్నానే! పద్దెనిమిది నిండనివాళ్ళకి అమ్మో నాన్నో ఉండి తీరాలని దాన్ని నడిపే సైన్సు మేడం పట్టుబట్టి చేర్చింది. రోజుకి మూడొందల మెసేజీలు. నేనే దాని నోరు నొక్కేశాను." తర్వాత నావైపు తిరిగింది. "ఇంతకీ ఇవాళ ఆరింటికే ఎందుకు పెట్టారండీ?"

"ఊరికే."

ఆవిడ చూపు నా చొక్కా, చర్మం, పక్కటెముకలు దాటి లోపలికి వెళ్ళింది. ఏం కనిపించిందో ఏమో, అప్పటికి వదిలేసింది.

"సుత్తి తే బావా, పగలగొడదాం!" అన్నాడు బావమరిది.

"దెబ్బ తగిలితే యంత్రం ఆగిపోతుంది. ఆగితే గడియ ఎనిమిదికి కాదు కదా, ఎప్పటికీ రాదు."

"పక్కింటివాళ్ళ ఫోను?"

"వాళ్ళింటికి తాళం వేసి ఉంది. వీధిలో బడ్డీకొట్టు తాతది బొత్తాల ఫోను."

"దాంతో ఆ మేడంకి ఫోన్ చెయ్యొచ్చుగా?"

"చెయ్యొచ్చు. నంబరు?"

నలుగురం పెట్టెవైపు తిరిగాం. నంబర్లన్నీ పెట్టెలో ఉన్నాయి.

"ఫోనుతో నువ్వు ఏం చేస్తావమ్మా, అసలు?" అని అడిగాను. ఏడాదిలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"టెలిస్కోపుకి తగిలించి వీడియో తీస్తాను. ఏ సెకనుకి ఆరిందో, ఏ సెకనుకి వెలిగిందో, టైముతో సహా పడుతుంది."

"ఫోన్లు లేని రోజుల్లో ఈ పని ఎలా చేసేవాళ్ళు?"

"మేడం చెప్పింది. స్టాప్‌వాచీలతో. ఆరగానే ఒకటి నొక్కాలి, వెలగగానే రెండోది నొక్కాలి. తర్వాత రేడియో గంట కొట్టినప్పుడు రెండూ ఒకేసారి ఆపి, వెనక్కి లెక్కకట్టేవాళ్ళట." అని, చెబుతూ చెబుతూ ఆగిపోయి నావైపు చూసింది.

నేను అప్పటికే లేచాను.

ఒక ఆటల స్కూలువాళ్ళు బాగుచెయ్యమని ఇచ్చిన స్టాప్‌వాచీలు నా సొరుగులో ఐదున్నాయి. ఇత్తడివి, కీ ఇచ్చేవి. రెండు నెలలుగా 'రేపు రేపు' అంటున్నాను. ఒకటే బాగైంది. మిగిలినవాటిలో ఒకదానికి బొత్తాం నొక్కితే లోపలే ఉండిపోతుంది. దాన్ని తీశాను. ఆరూ ముప్పై మూడు.

చిన్నముల్లు ఎత్తుపీట లాక్కొచ్చి నా పక్కన కూర్చుంది. చిన్నప్పటి తర్వాత ఇదే. నేను వెనకమూత తెరిచాను. లోపల ఇత్తడి చక్రాలు, నీలి మరలు, ఇరుసుల కింద ఎర్ర రాళ్ళు. బొత్తాం కింద చిన్న మీట, దాని కొస అరిగింది. ఆకురాయితో సానపట్టాలి, కానీ ఒక్క వెంట్రుక ఎక్కువ పోతే ఇక పనికిరాదు. ఆకురాయి అందుకుని వాచీవైపు, గోడగడియారంవైపు మార్చి మార్చి చూశాను.

"నాన్నా, తొందర లేదు" అంది అమ్మాయి. అది అబద్ధం. అంత అందమైన అబద్ధం నేను వినలేదు.

"బావా, ఆరూ నలభై ఎనిమిది!" అన్నాడు రేడియో దగ్గర కాపలా ఉన్న బావమరిది.

"నోరుముయ్యరా తమ్ముడూ" అంది మా ఆవిడ. "ఆయన బండి నడుపుతున్నారు. నువ్వు పక్కన కూర్చునే మనిషివి కదా, పక్కన కూర్చో."

"నేను పక్కన కూర్చున్నా బ్రేకు నా కాలికిందే ఉంటుందక్కా."

"ఉంటుంది. బండెక్కాక తొక్కుతావు. ఇంట్లో కూర్చుని తొక్కవుగా?"

ఆవిడ అన్నది వాణ్ణే. తగిలింది మాత్రం నాకు.

ఆరూ యాభై ఏడుకి మీట కూర్చుంది. నొక్కాను, నడిచింది. నొక్కాను, ఆగింది. ఇరవైసార్లు నొక్కాను. ఏడింటికి రేడియోలో టైము చెప్పే ఆరు కూతలు మొదలయ్యాయి. ఆరోది, పొడుగుది, మొదలైన క్షణాన నా జేబుగడియారం సరిచేసుకున్నాను. రోజూ చేసే పనే. కానీ ఆ కూత ఎక్కడినుంచి వస్తుందో, దాన్ని పట్టుకుని ఎంతమంది ఎన్ని పనులు చేసుకుంటారో ఆ రోజే తట్టింది.

పైకెళ్ళాం. చలికాలం గనక అప్పటికే చీకటి. నీళ్ళట్యాంకు, బట్టల తీగ, వీధిలైటు కాంతి పడకుండా అమ్మాయి కట్టిన దుప్పటి. టెలిస్కోపు నా చెయ్యంత కూడా లేదు. చిన్నముల్లు వంగి, వేలికొసలతో దాన్ని తిప్పుతూ, ఊపిరి బిగబట్టి వెతికింది. నేను సన్నని పళ్ళచక్రం పెట్టేటప్పుడు ఎలా ఉంటానో అలాగే ఉంది. ఆ వంపు, ఆ మూతి బిగింపు నావే. దానికి నేనేమీ నేర్పలేదనుకున్నాను ఇన్నాళ్ళూ.

"దొరికింది. ఒక్కసారి చూడు. కదపకు."

చూశాను. నల్లటి నలుపులో ఒక్క చుక్క. గడియారంలో ఎర్రరాయి అంచున నిలిచే మెరుపంత. చిన్నగా వణుకుతోంది, బతికున్నదానిలా.

"ఆ వెలుగు బయల్దేరి నాలుగొందల ఏళ్ళైంది" అంది.

నాలుగొందల ఏళ్ళు! గడియారానికి ఇంకా ఎవరూ లోలకం తగిలించలేదు అప్పటికి. సెకను అనేదాన్ని కొలిచే యంత్రం భూమ్మీద లేనప్పుడు బయల్దేరిన వెలుగు, నా కూతురు రెండు క్షణాలు చూసుకోవడానికి మా మేడమీదికి వస్తోంది. మా ఇంట్లో ఫోను నాకు చుక్కలు చూపిస్తోందని అందరితో చెప్పుకుని ఏడ్చేవాణ్ణి. నిజంగా చుక్క చూపించేసరికి నాకు ఎకసెక్కమాడడానికి కూడా నోరు రాలేదు.

అది కన్ను ఆనించింది. కుడిచేతిలో ఒక వాచీ, ఎడమచేతిలో ఒక వాచీ. నేను జేబుగడియారం చూస్తూ సెకన్లు పలుకుతున్నాను.

"మెల్లగా నాన్నా, టెలిస్కోపు అదురుతోంది."

గొంతు తగ్గించాను. అంత తక్కువలో నేను మాట్లాడగలనని మా ఆవిడకి కూడా తెలియదు.

"పద్దెనిమిది యాభై... యాభై ఐదు... పంతొమ్మిది. ఒకటి. రెండు. మూడు..."

బావమరిది కాలు కదలడం లేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"...ఏడు. ఎనిమిది..."

క్లిక్.

నేను లెక్క ఆపేశాను. ఆపాలని కాదు, ఆగిపోయింది. తల ఎత్తి చూశాను. మామూలు ఆకాశం. కింద వీధిలో స్కూటరు హారను, ఎవరింట్లోనో గిన్నె చప్పుడు. ఏమీ మారలేదు. కానీ ఆ క్షణాన మేమున్నది నీడలో. కోట్ల కిలోమీటర్ల అవతల ఒక కొండ మా నలుగురిమీదా, ట్యాంకుమీదా, ఆరేసిన బట్టలమీదా తన నీడ వేసింది. ఊరంతా దానికింద ఉంది, ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకూ కనపడలేదు. నాకు వినపడిందల్లా నా పిల్ల చేతుల్లో రెండు ఇత్తడి గడియారాలు, ఒకటి నడుస్తూ, ఒకటి నిరీక్షిస్తూ.

క్లిక్.

"వచ్చేసింది" అంది చిన్నముల్లు. కన్ను తియ్యకుండానే ఏడ్చింది.

కిందికి దిగి, ఎనిమిదింటిదాకా ఆ రెండు వాచీల చుట్టూ కూర్చున్నాం, పసిపిల్లల్ని నిద్రపుచ్చినవాళ్ళలా, గట్టిగా ఊపిరి కూడా పీల్చకుండా. రేడియోలో ఆరో కూతకి అమ్మాయి రెండు బొత్తాలూ కలిపి నొక్కింది. మొదటిది నలభై నిమిషాల యాభై ఒకటింబావు సెకన్ల మీద ఆగింది. రెండోది నలభై నిమిషాల నలభై నాలుగూ ముప్పావు. తేడా ఆరున్నర.

వెనకనుంచి 'టక్' అని వినిపించింది. పెట్టె తెరుచుకుంది, పదకొండు సెకన్లు ఆలస్యంగా. ఇంకెప్పుడైనా అయితే సిగ్గుతో చచ్చేవాణ్ణి. అప్పుడు ఎవరూ పెట్టెవైపు తిరగలేదు. నాలుగు ఫోన్లూ లోపల కందిరీగల్లా మోగుతుంటే, అమ్మాయి కాగితంమీద పదిహేనుని ఆరున్నరతో హెచ్చవేస్తోంది.

"తొంభై ఏడున్నర కిలోమీటర్లు" అంది. "మన ఇంటికి ఎదురుగా ఆ రాయి వెడల్పు."

అరిగిన మీటని నేను గోరంత సానపట్టాను. దాంతో మా అమ్మాయి ఆకాశంలో కొండని కొలిచింది. ఆ కాగితం నా చేతిలోకి తీసుకుని, చదవడం రానివాడిలా చాలాసేపు చూశాను.

తర్వాత వారం రోజులు మాకు చేతినిండా పనే. వాచీలు రెండూ ఎంత ముందుకు, ఎంత వెనక్కి పోతాయో రేడియో గంటలతో సరిచూశాం. చుక్క ఆరాక వేలు కదలడానికి అమ్మాయికి ఎంతసేపు పడుతుందో, దీపం ఆర్పి వెలిగించి వందసార్లు చూశాం. ఈ మధ్యలోనే పెట్టెకి వెనకవైపు ఒక మీట పెట్టాను, ఎవరైనా లాగి తెరవొచ్చు. తెరిచినవాళ్ళు ఎందుకో చెప్పాలి, అంతే. మూత వేసేముందు "ఇవాళ ఎవరికి ఏం పనుంది?" అని నేను అడగాలి, అదీ కంట్లో అద్దం తీసేసి. ఇది చిన్నముల్లు పెట్టిన షరతు. నేనొకటి పెట్టాను. కొత్తవాళ్ళతో మాట్లాడే మొదటిసారి మాలో ఒకరం పక్కన కూర్చుంటాం. "కూర్చో, కానీ కామెడీ చెయ్యకు" అంది. సగానికే ఒప్పుకున్నాను.

ఆదివారం సాయంత్రం అందరూ వీడియోలో కలిశారు. మేము నలుగురం ఒకే ఫోను ముందు ఇరుక్కుని కూర్చున్నాం. తెరమీద గడులు గడులుగా మొహాలు, ఇన్నాళ్ళూ నేను భయపడ్డ ఆ 'ఎవరెవరో': ఒక దర్జీ, ఇద్దరు నర్సులు, ఒక బస్సు కండక్టరు, కాలేజీ పిల్లలు, నెరిసిన జుట్టు సైన్సు మేడం. ఆవిడ బొమ్మ చూపించింది. పద్నాలుగు మందిలో ఐదుగురికి మబ్బులు. తొమ్మిది గీతలు ఒకదాని కింద ఒకటి. అన్నిటికంటే కింద, మిగతావాటికి దూరంగా, మాది. వాటి కొసలు కలుపుతూ గీసిన గీత గుండ్రంగా లేదు. కింద ఒకవైపు ఎవరో కొరికినట్టు లోపలికి పోయింది.

"ఆ లొత్తు ఉందని ఎవరికీ తెలియదు" అంది మేడం. "ఆ కింది గీత లేకపోతే గుండ్రంగా గీసేసేవాళ్ళం."

భూమి పుట్టినప్పటినుంచి అక్కడున్న గొయ్యి, తొమ్మిదిమంది సెకన్లు పోగుచేస్తే మొదటిసారి ఒకరి కంట పడింది. దర్జీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను చిన్నముల్లు వైపు చూశాను. అది తెరని చూడడం లేదు, నన్నే చూస్తోంది.

"ఒక్క సందేహం" అంది మేడం. "ఈ గీతకి 'పద్ధతి' అనే చోట, రెండు ఇత్తడి స్టాప్‌వాచీలు, రేడియో అని మీ అమ్మాయి రాసింది. 'ఫోను వాడకపోవడానికి కారణం' అనే చోట, 'మా నాన్నని అడగండి' అని ఉంది. ఈ నివేదిక చాలామంది చదువుతారు. ఏం రాయమంటారు?"

"నాకూ చెప్పలేదండీ" అంది మా ఆవిడ. "ఎనిమిది రోజులుగా 'ఊరికే' అంటున్నారు."

పదమూడు గడులూ నావైపు తిరిగాయి. ఇంట్లో మూడు మొహాలు సరేసరి. తప్పించుకోవడానికి చోటు లేదు. గొంతు సవరించుకున్నాను.

"అదేంటంటే మేడంగారూ... మీతో మా అమ్మాయి ఫోనులో 'ఏడూ పంతొమ్మిదికే కదా ఆరిపోవడం' అంది. నాకేమో తలుపు ఇవతల 'పారిపోవడం' అని వినపడింది. మా పిల్ల ఎవడితోనో వెళ్ళిపోతోందనుకుని... ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ పెట్టెలో పెట్టి గడియ వేశాను."

బావమరిది కాలు పూర్తి బ్రేకు తొక్కింది. చిన్నముల్లు రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియక వంగి చూశాను. నవ్వే.

"నన్నడగొచ్చు కదా నాన్నా!"

"అడగాల్సింది. భయపడ్డానమ్మా."

కండక్టరు మైకు విప్పాడు. "అయితే బాబుగారూ, ఆ రోజు ఇంతకీ ఎవరూ పారిపోలేదా?"

"చుక్క పోయిందండీ. ఆరున్నర సెకన్లకి ఇంటికొచ్చేసింది."

"రాసుకుంటున్నా" అంది మేడం.